ఆకులో ఉన్నది గ్లాసులోకి దిగుతుందా?

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే మన సీమ కాలేజీల్లో మైక్రోబయాలజీ, బాటనీ, ఫార్మసీ పిల్లలు ఆకుల వెంట పడతారు. వేప, తంగేడు, కానుగ, ఉత్తరేణి, ఏది దొరికితే అది ఎండబెట్టి, పొడి కొట్టి, మిథనాల్ అనే ఒక రకం ఆల్కహాలులో నానబెట్టి, ఆ సారం అద్దిన కాగితపు బిళ్లను బాక్టీరియా పరిచిన ప్లేటు మీద పెడతారు. మర్నాటికి బిళ్ల చుట్టూ బాక్టీరియా పెరగని వలయం కనిపిస్తుంది. రిపోర్టు చివర "మన పెద్దలు వాడిన కషాయానికి శాస్త్రీయ ఆధారం దొరికింది" అని రాసేస్తారు.

ఆ పెద్దలెవరూ ఆకును మిథనాల్‌లో నానబెట్టలేదు. నీళ్లలో కాచారు, నూరి పట్టు వేశారు, నూనెలో మరిగించారు, పుల్ల విరిచి నమిలారు. మిథనాల్‌లోకి దిగే పదార్థాలు కొన్ని, నీళ్లలోకి దిగేవి కొన్ని, ఆవిరిలో ఎగిరిపోయేవి ఇంకొన్ని. ఒకే ఆకు మీద ల్యాబు చెప్పేదీ వంటింట్లో జరిగేదీ చాలాసార్లు రెండు వేర్వేరు మందుల సంగతి. నా పట్టుదలంతా ఈ ఒక్క మాట మీదే: ఆకులో గుణం ఉందా అని అడిగి ఊరుకోకండి, మనం తాగే గ్లాసులోకో పుక్కిలించే నీళ్లలోకో అది దిగిందా అని కూడా అడగండి.

దీనికి అందరికీ తెలిసిన సాక్ష్యం ఆర్టెమిసినిన్. అది మలేరియా మందు, బాక్టీరియాది కాదు, కానీ పాఠం ఇదే. చైనాలో అది దొరికే మొక్కను మామూలుగా కాచి తీసిన సారం సరిగా పనిచేయలేదు. నీళ్లలో నానబెట్టి పిండి, ఆ రసం తాగమని ఒక పాత వైద్య గ్రంథంలో ఉన్న మాట చదివాక, వేడి వల్ల గుణం పోతోందేమో అన్న అనుమానం అక్కడి శాస్త్రవేత్త తూ యూయూకు వచ్చింది. తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీస్తే మందు దొరికింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. మొక్క అదే, మారింది తీసే పద్ధతి.

మన ఇళ్లలోకి వద్దాం. ముందు పసుపు. కడప జిల్లా మైదుకూరు, తేకూరుపేట పేర్లతో పసుపు రకాలే ఉన్నాయి, రెండూ తొమ్మిది నెలల దాకా పొలంలో ఉండే దీర్ఘకాలపు రకాలు. పసుపు కొమ్ములో పనిచేసే రంగు పదార్థం కుర్కుమిన్, కొమ్ము బరువులో సుమారు 2 నుంచి 5 శాతం. అది నీళ్లలో దాదాపు కరగదు. పసుపు నీళ్లు పచ్చగా ఉన్నాయంటే సన్నటి పొడి తేలుతోందని అర్థం, కరిగిందని కాదు. గ్లాసు కదపకుండా గంటసేపు ఉంచితే అడుగున పేరుకుంటుంది, చూడండి. సారాయిలో కరుగుతుంది, నూనెలో కొంత కరుగుతుంది. దానికి క్షారం పడదు. సున్నం తగిలితే ఎర్రబడి పారాణి అయ్యేది అందుకే, అక్కణ్ణుంచి అది విరిగిపోతూ ఉంటుంది. ప్రొటీన్లు లేని, పీహెచ్ 7.2 ఉన్న (అంటే కొద్దిగా క్షారం వైపున్న) ద్రావణంలో, 37 డిగ్రీల వేడి దగ్గర అరగంటలో 90 శాతం దాకా విరిగిపోతుందని కొలిచారు. ఎండ కూడా పడదు. కాబట్టి పసుపు పొడిని గాజు సీసాలో వేసి కిటికీ దగ్గర పెట్టడం అంటే గుణాన్ని చేజేతులా తగ్గించుకోవడమే.

తులసిది వేరే కథ. అందులో ఘాటు యూజెనాల్ లాంటి తైలాలది, పచ్చి ఆకులో వాటి మొత్తం బరువు ఒక శాతం కూడా ఉండదు. యూజెనాల్ 254 డిగ్రీల దగ్గర గానీ మరగదు, అయినా నీటి ఆవిరితో కలిసి సులభంగా లేచిపోతుంది. మూత లేని గిన్నెలో తులసి ఆకు పావుగంట కాచితే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. ఆ ఘుమఘుమే మందు, అది గిన్నెలో మిగలలేదు. నీళ్లు మరిగాక పొయ్యి ఆపి, ఆకు తుంచి వేసి, మూత పెట్టి పది నిమిషాలు ఉంచాలి. మూత లోపల పట్టిన నీటి చుక్కలను కూడా గ్లాసులోకే వంచుకోవాలి.

నన్నారి కూడా ఇదే జాతి గుణం. అనంతపురంలోనూ కర్నూల్లోనూ ఎండాకాలం బండి మీద దొరికే నన్నారి షర్బత్తు వాసన సుగంధిపాల వేరు పైతొక్కలో ఉంటుంది. వెనిలా వాసననిచ్చే వెనిలిన్‌కు అది అణువుల అమరికలో కవల లాంటిది, దాని పేరు 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్. సూక్ష్మజీవులను అదుపు చేసే గుణం దీనికి ఉంది. వేరు నడిమి పుల్లలో వాసన ఉండదు, అందుకే తెలిసినవాళ్లు వేరును రాతి మీద దంచి, పుల్ల లాగేసి, తొక్కే వాడతారు. వంద గ్రాముల తొక్కకు లీటరు వేడినీళ్లు పోసి, మూత పెట్టి రాత్రంతా ఉంచి, పొద్దున వడగట్టాలి. కాచకూడదు. అయితే సీసాలో షర్బత్తు పులియకుండా నెలల తరబడి నిలవ ఉండేది నన్నారి వల్ల కాదు, చక్కెర వల్ల. పానకంలో చక్కెర 65 శాతం ఉంటే సూక్ష్మజీవులకు కావలసిన నీళ్లన్నీ చక్కెరే పట్టి ఉంచుతుంది. లెక్క చూస్తే లీటరు వడగట్టిన నీళ్లకు సుమారు 1.9 కిలోల చక్కెర. తీపి ఎక్కువైందని కిలోకే ఆపితే 50 శాతం దగ్గర ఆగిపోతుంది, నాలుగైదు రోజుల్లో మూత తీస్తే బుస్సుమంటుంది.

ఇక నీళ్లలోకి బాగా దిగేవి, నిజంగా కషాయానికి తగినవి టానిన్లు. వగరు ఎక్కడ ఉంటే అక్కడ టానిన్ ఉన్నట్టే: తుమ్మ బెరడు, తంగేడు చెక్క, కరక్కాయ, దానిమ్మ తొక్క, నేరేడు బెరడు. తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసేవారు. పచ్చి తోలులోని ప్రొటీన్‌ను టానిన్ పట్టి బిగించేస్తుంది, తోలు కుళ్లదు. బాక్టీరియా మీద చేసే పనీ దాదాపు అంతే, దాని గోడ మీది ప్రొటీన్లను, అది బయటికి వదిలే ఎంజైములను పట్టి బిగిస్తుంది. ఇందులోనే దాని లోపమూ ఉంది. టానిన్ ఎదురుగా ఏ ప్రొటీన్ ఉంటే దాన్నే పట్టుకుంటుంది. పాలు తాగిన వెంటనే పుక్కిలిస్తే పాల ప్రొటీన్‌కే సరిపోతుంది. చీము, రక్తం ఉన్నచోట వాటికే సరిపోతుంది. ఇనుప గిన్నెలో కాచితే ఇనుముతో కలిసి నల్ల సిరా అయిపోతుంది. కలంకారీలో నలుపు రంగు పుట్టేది ఇదే రసాయనంతో. అద్దకానికి అది గొప్ప సంగతి, కషాయానికి నష్టం.

చిగుళ్ల వాపుకు, నోటి పూతకు పుక్కిలించే తుమ్మ కషాయం విధానం వివరంగా చెబుతాను, ఎందుకంటే చెట్టు మందు గట్టిగా పనిచేసే చోటు నోరు. మొదట చెట్టు. కావలసింది నల్లతుమ్మ. పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద ఎక్కడ చూసినా ఉండే సర్కారు తుమ్మ కాదు. పువ్వు చూడండి: నల్లతుమ్మకు పసుపుపచ్చని గుండ్రటి బంతులు, సర్కారు తుమ్మకు వేలెడు పొడవు కంకులు. కాయ చూడండి: నల్లతుమ్మ కాయ పూసల దండలా గింజ గింజకీ నొక్కుకుపోయి బూడిద రంగులో ఉంటుంది, సర్కారు తుమ్మది లేత పసుపు రంగులో చిక్కుడులా సాగి ఉంటుంది. కొట్టేసిన కొమ్మల బెరడు చాలు, మాను చెక్కకండి. చుట్టూ చెక్కితే చెట్టు చచ్చిపోతుంది.

బెరడు పైనున్న నల్లటి పగుళ్ల పొర గీకేసి, లోపలి ఎర్రటి పొర కడిగి, నీడలో ఆరబెట్టి, రోట్లో బరకగా దంచాలి. రవ్వలా ఉంటే చాలు. మెత్తటి పొడి అయితే వడగట్టడం కష్టం, గుడ్డ మూసుకుపోతుంది. 20 గ్రాముల రవ్వకు 320 మిల్లీలీటర్ల నీళ్లు, అంటే పదహారు వంతులు. గట్టి బెరడుకు పదహారు, మామూలు వాటికి ఎనిమిది, మెత్తటి ఆకులకు నాలుగు వంతులని ఆయుర్వేద లెక్క. స్టీలు గిన్నెలోనో మట్టి కుండలోనో సన్న సెగ మీద 80 మిల్లీలీటర్లు మిగిలేదాకా కాచాలి, అరగంట పైనే పడుతుంది. పలుచని గుడ్డలో వడగట్టి, గోరువెచ్చగా ఉన్నప్పుడు నోట్లో పోసుకుని అర నిమిషం తిప్పి ఉమ్మేయాలి. మింగొద్దు, టానిన్ ఎక్కువైతే మలబద్ధకం, కడుపులో వికారం. తిన్నాక నోరు నీళ్లతో పుక్కిలించి, పది నిమిషాలు ఆగి, అప్పుడు వాడాలి. ఏ పూటకాపూట కాచుకోవాలి. మన ఎండల్లో మర్నాటికి దాని మీద తెల్లటి పొర కడుతుంది, అది బూజు. బాక్టీరియాను ఆపే కషాయం మీద బూజు ఎలా వస్తుందని చాలామంది ఆశ్చర్యపోతారు. టానిన్‌ను తిని బతికే బూజులు ఉన్నాయి, వాటికి ఇది పాయసం. పుండు రెండు వారాలకు మానకపోతే డాక్టరుకు చూపించాలి, ముఖ్యంగా గుట్కా, ఆకువక్క, పొగాకు అలవాటు ఉన్నవాళ్లు.

కాచే నీళ్ల గురించి అనంతపురం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మన బోరు నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. మంచినీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రామ్ మించకూడదు, వేరే దారి లేకుంటే 1.5 వరకు అని మన దేశ ప్రమాణం. ఫ్లోరైడ్ కాచినా ఆవిరి కాదు. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్లు నాలుగు గ్లాసులు పోసి ఒక గ్లాసుకు దించారంటే, ఆ ఒక్క గ్లాసు తాగినవాళ్లు నాలుగు గ్లాసుల ఫ్లోరైడ్ తాగినట్టే. లీటరుకు 8 మిల్లీగ్రాములతో సమానం. నేలవేము, తిప్పతీగ అంటూ రోజూ కషాయం తాగే ఇళ్లలో దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఫిల్టరు నీళ్లో వాన నీళ్లో వాడండి. ఉప్పు నీళ్లకు ఇంకో తంటా కూడా ఉంది: బైకార్బొనేట్ ఎక్కువ కాబట్టి కాచే కొద్దీ క్షార గుణం పెరుగుతుంది, టానిన్ గాలితో కలిసి ముదురు రంగుకు మారి మడ్డిగా అడుక్కు దిగుతుంది. కషాయం నల్లగా చిక్కగా ఉందని సంబరపడేవాళ్లున్నారు, ఆ మడ్డి చెడిపోయిన టానిన్.

ఇప్పుడు ప్లేటు సంగతి. ప్రాజెక్టు చేసే పిల్లలు ఇది నిదానంగా చదవండి.

ప్లేటులో బాక్టీరియా పెరిగే జెల్లీ, ముల్లర్-హింటన్ అగార్, 4 మిల్లీమీటర్ల మందం ఉండాలి. పలుచగా పోస్తే సారం లోపలికి దిగేందుకు చోటు లేక పక్కలకు పాకి, వలయం పెద్దదిగా కనిపిస్తుంది. 90 మిల్లీమీటర్ల ప్లేటుకు 25 మిల్లీలీటర్లు పోస్తే సరిపోతుంది, పోసేటప్పుడు బల్ల సమంగా ఉందా చూసుకోండి. బాక్టీరియా ద్రావణం 0.5 మెక్‌ఫార్లాండ్ మడ్డితనానికి తేవాలి, అంటే మిల్లీలీటరుకు సుమారు పదిహేను కోట్ల కణాలు. కంటి అంచనాతో కలిపితే పలుచనైన రోజు ప్రతి ఆకూ అమృతమే అవుతుంది. ద్రావణం తయారైన పదిహేను నిమిషాల లోపు ప్లేటు మీద స్వాబ్‌తో, అంటే దూది పుల్లతో, మూడు దిక్కులా రుద్ది, బిళ్లలు పెట్టి, 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచాలి.

బిళ్ల 6 మిల్లీమీటర్లు. వలయాన్ని బిళ్లతో కలిపి కొలుస్తారు. కాబట్టి "8 మిల్లీమీటర్ల జోన్" అంటే బిళ్లకు అటో మిల్లీమీటరు, ఇటో మిల్లీమీటరు. దాన్ని గొప్ప ఫలితం కింద రాయకండి. సారం కరిగించిన ద్రావకాన్ని మాత్రమే తాకించిన బిళ్ల ఒకటి ప్రతి ప్లేటులో తప్పనిసరి. మిథనాల్ పూర్తిగా ఆరకుండా బిళ్ల పెడితే, వలయం ఆకుది కాదు, మిథనాల్‌ది. పక్కన యాంపిసిలిన్ బిళ్ల పెట్టి "మా సారం యాంటీబయాటిక్‌తో సమానం" అని రాసే అలవాటు ఒకటుంది. లెక్క చూడండి: మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల సారంలో 10 మైక్రోలీటర్లు బిళ్ల మీద వేశారంటే 1000 మైక్రోగ్రాములు వేసినట్టు. యాంపిసిలిన్ బిళ్లలో ఉండేది 10 మైక్రోగ్రాములు. వందరెట్లు పోసి సమానం అనడం సరి కాదు.

రెండు మొక్కల వలయాలను పోల్చి ఇది గొప్పది, అది తక్కువ అనడం ఇంకో తప్పు. చిన్న అణువులు అగార్‌లో దూరం పోతాయి. టానిన్లు, నూనెలు బిళ్ల దగ్గరే ఆగిపోతాయి. వేప నూనెకు వలయం రాలేదంటే గుణం లేదని కాదు, నూనె నీళ్ల జెల్లీలో కదలలేదని. నిజం తెలియాలంటే 96 గుంటల పళ్లెంలో పరీక్ష చేయాలి: మిల్లీలీటరుకు 1000, 500, 250, 125, 62.5 మైక్రోగ్రాములు... ఇలా సగం సగం తగ్గిస్తూ, ఏ గుంట దగ్గర పెరుగుదల ఆగిందో చూడాలి. గుంటలో సారం కరిగించే ద్రావకం డీఎంఎస్ఓ ఒక శాతం దాటకూడదు, అంతకు మించితే అదే బాక్టీరియాను ఇబ్బంది పెడుతుంది. ఆకు సారాలు వాటంతటవే మడ్డిగా ఉంటాయి కాబట్టి పెరుగుదల కంటికి తెలియదు. రెసజురిన్ రంగు వేస్తే బతికున్నచోట నీలం గులాబీ రంగుకు తిరుగుతుంది. కానీ కొన్ని ఆకుల్లోని పదార్థాలు బాక్టీరియా లేకపోయినా ఆ రంగును తిప్పేస్తాయి. అందుకే సారం మాత్రమే ఉండి బాక్టీరియా లేని గుంటల వరస ఒకటి పెట్టాలి. ఈ వరస లేని ఫలితాన్ని నమ్మకండి.

ముడి సారం 100 మైక్రోగ్రాముల లోపు ఆపితే అది మంచి ఫలితం, ఇంకా లోతుగా వెతకదగ్గది. 1000 దాటాక ఆపితే గొప్ప కాదు, ఆ మోతాదులో చాలా మొక్కలు ఆపుతాయి. ఈ అంకెను ఒంట్లోకి తీసుకెళ్లి చూడండి. 500 మైక్రోగ్రాములు కావాలంటే, అయిదు లీటర్ల రక్తంలో 2.5 గ్రాముల సారం ఒకేసారి కరిగి తిరుగుతూ ఉండాలి. తాగిన కషాయంలో కొంతే పేగు దాటుతుంది, దాటినదాన్ని కాలేయం మార్చేస్తుంది. జ్వరానికో, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కో, న్యుమోనియాకో ప్లేటు మీద వలయం చూపి ఆకు రసం ఇవ్వడం అందుకే ప్రమాదం. నోరు, చర్మం, తల చర్మం... మందు చిక్కగా నేరుగా తగిలే చోట్లే వీటి రాజ్యం. వేప పుల్ల, కానుగ పుల్ల, ఉత్తరేణి వేరు పండ్లు తోమడానికి నిలిచిపోయింది ఊరికే కాదు. నమిలేటప్పుడు రసం పళ్ల మీద ఎంత చిక్కగా ఉంటుందో ఏ కషాయమూ అంత చిక్కగా ఉండదు, పైగా పీచు రుద్దుతుంది.

స్టెఫిలోకాకస్ బాక్టీరియా మీద వచ్చిన వలయం ఈ.కోలై మీద రాకపోతే పరీక్ష చెడిందనుకోవద్దు. ఈ.కోలై, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ లాంటి గ్రామ్ నెగటివ్ జాతులకు గోడ బయట, స్టెఫిలోకాకస్‌కు లేని, ఇంకో కొవ్వు పొర ఉంటుంది. చాలా మొక్కల పదార్థాలు దాన్ని దాటలేవు, దాటినవాటిని లోపలి పంపులు తిరిగి తోసేస్తాయి. రాని ఫలితాన్ని కూడా పట్టికలో వేయండి, అదీ ఫలితమే. దానిమ్మ తొక్క సారం రెండు రకాల మీదా ఎంతో కొంత పనిచేసేవాటిలో ఒకటి. అదే దానిమ్మ మన అనంతపురం తోటల్లో బాక్టీరియా మచ్చ తెగులుకు నల్లగా పగిలిపోతుంది. దాన్ని తెచ్చే జాంతోమోనాస్ కూడా గ్రామ్ నెగటివే, కాయ తొక్క మీదే మచ్చ వేసి చీల్చేస్తుంది. తొక్కలో టానిన్ ఉంది, కానీ కణాల లోపలి సంచుల్లో కట్టి ఉంది. దంచి, కాచి బయటికి తీస్తే గానీ అది ఎవరికీ తగలదు.

పొలంలో కొడవలి తెగితే గడ్డిచామంతి, అదే గాయపాకు, నలిపి పెడతారు. రక్తం త్వరగా కట్టుకోవడానికి సాయపడుతుంది, సరే. కానీ నేలకు ఆనుకుని పెరిగే ఆకు, దాని మీద మట్టి ఉంటుంది, మట్టిలో ధనుర్వాతం విత్తనాల్లాంటి స్పోర్లు ఉంటాయి. నీళ్లలో కాచినా కాసేపటికి చావనివి అవి. పసుపు పొడి అద్దడమూ అంతే. కొమ్మును ఉడికిస్తారు నిజమే, ఆ తర్వాత పది పదిహేను రోజులు కళ్లంలో నేల మీదే ఎండుతుంది. కుళాయి నీళ్లు ధారగా పోసి సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ చేయించుకోవాలి. అప్పుడే పుట్టిన బిడ్డ బొడ్డుకు ఏ ఆకూ, ఏ పొడీ పెట్టకూడదు. పసిపిల్లలకు వేప నూనె తాగించకూడదు, మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు వైద్యులు నమోదు చేశారు.

బాక్టీరియాను చంపేది మనిషికి మంచిదని అనుకోవడం ఎంత తప్పో చూపే మొక్క కర్నూలు నల్లరేగడి చేలల్లోనే ఉంది, గాడిదగడపాకు. ప్లేటు మీద వలయం ఇస్తుంది. పురుగు కుట్టినచోట, పుండ్ల మీద వాడతారు, కొందరు లోపలికీ తీసుకుంటారు. అందులో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంది. కిడ్నీలను తిరిగి బాగుపడనంతగా పాడు చేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మొదటి వర్గంలో చేర్చిన పదార్థం అది. ఎవరు చెప్పినా లోపలికి తీసుకోవద్దు.

చివరగా ఎండబెట్టడం, దాచడం. మిద్దె మీద నడి ఎండలో ఆకు పరిస్తే రెండు గంటల్లో పెళపెళలాడుతుంది, కానీ రంగు పాలిపోతుంది, వాసన పోతుంది. గాలి ఆడే నీడలో పలుచగా పరిచి, రోజుకు రెండుసార్లు తిరగేస్తూ అయిదారు రోజులు. ఈనె వంచితే టక్కున విరగాలి, వంగితే ఇంకా తేమ ఉన్నట్టు. తేమ 10 శాతం దాటి సంచిలో కట్టేస్తే వేరుశనగను పట్టే ఆఫ్లాటాక్సిన్ బూజే ఆకునూ పడుతుంది. పచ్చటి బూజు ఉన్న వేరుశనగను ఎద్దులకు కూడా పెట్టని రైతు, అలాంటి ఆకు పొడిని మందని కొని తాగడం చూస్తుంటే బాధేస్తుంది.

ప్రాజెక్టుకు ఆకు తెచ్చినప్పుడు పూత ఉన్న కొమ్మ ఒకటి విరిచి, పేపర్ల మధ్య నొక్కి పెట్టుకోండి. నాటు పేరొక్కటే నమ్మకండి: గలిజేరని ఒకచోట పునర్నవను అంటారు, ఇంకోచోట వేరే కుటుంబపు మొక్కను అంటారు. గుంటగలగరకు తెల్ల పువ్వు, దాని పేరుతో అమ్మే ఇంకోదానికి పసుపు పువ్వు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం బాటనీ విభాగం లాంటి, ఎండిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియం ఉన్నచోట పోల్చి చూపించుకుని, నంబరు వేయించుకోండి. చీటీ మీద ఊరు, తేదీ, నేల రకం, పువ్వు రంగు, ఏ భాగం తీశారో రాయండి. పువ్వు రంగు అప్పుడే రాయాలి, ఎండితే అన్ని పూలూ గోధుమ రంగే.